ఎత్తు పెంచిన బండికి సస్పెన్షన్ సామాను: షాపుకి వెళ్ళేముందు కాటా, టేపు

థార్ గానీ, జిమ్నీ గానీ, జిప్సీ గానీ, పాత మేజర్ జీపు గానీ, ఒకసారి ఎత్తు పెంచాక కంపెనీ పార్ట్ నంబరు పట్టుకుని సామాను కొనడం కుదరదు. ఆ నంబరు బండి ఫ్యాక్టరీ ఎత్తుకి రాసింది. పోనీ షాపుకెళ్ళి ‘రెండంగుళాల లిఫ్ట్‌కి షాకులు ఇవ్వండి’ అంటే, అతను పై అరలోంచి ఒక డబ్బా దింపి ‘పడిపోద్దండీ, బుష్షు కాస్త లేత్‌లో పెట్టిస్తే సరి’ అంటాడు. డబ్బు తగలబడేది సరిగ్గా అక్కడే. డబ్బా మీద అంగుళాలు అమ్మేవాడి లెక్క. కొనేవాడికి కావలసినవి వేరు: బండి రోజూ మోసే బరువు, యాక్సిల్ పైకీ కిందికీ నిజంగా ఎంత కదులుతోందనే కొలత, బండి తిరిగే నేల.

మన నేలకి ఎంత ఎత్తు చాలు

నెట్‌లో కనబడే నాలుగంగుళాల కిట్లు బండరాళ్ళెక్కే బళ్ళ కోసం. ధవళేశ్వరం దిగువన, మన గోదావరి డెల్టాలో, బండరాయి ఎక్కడుంది? ఇక్కడ బండిని ఆపేవి దాళ్వా కోతలప్పుడు మిషన్లూ ట్రాక్టర్లూ తొక్కేసిన పుంతలు (పొలాలకి పోయే మట్టి దారులు), వాన పడ్డాక చెరువు గట్ల మీద జారే నల్లమట్టి, లంకల్లో ఒండ్రు, అంతర్వేది, ఓడలరేవు వైపు వదులు ఇసుక.

నల్లమట్టిలో బండి దిగబడేది డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో గేర్లుండే ఉబ్బు) మట్టిని దున్నడం మొదలెట్టాక. సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే దూలం) బండికి స్ప్రింగులు పెంచితే బాడీ లేస్తుంది, డిఫరెన్షియల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగం. జిమ్నీకి కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైరు వ్యాసం 693 మి.మీ. దాని బదులు 235/75 ఆర్15 వేస్తే 733 అవుతుంది. అంటే డిఫరెన్షియల్ కింద మీకు దక్కేది 20 మి.మీ. లిఫ్ట్ చేసే పని ఆ పెద్ద టైరు ఫెండర్‌కి తగలకుండా చోటివ్వడం, నరసాపురం-సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేటప్పుడు బంపర్ గీసుకోకుండా చూడటం, అంతవరకే.

ఇక రెండోవైపు కాలువ గట్టు. ఒక పక్క కాలువ, ఒక పక్క బోదె, మధ్యలో బండి పట్టీపట్టనంత దారి, అదీ ఏటవాలు. చక్రాల మధ్య దూరం 1400 మి.మీ., గురుత్వ కేంద్రం నేల నుంచి 700 మి.మీ. ఎత్తులో ఉంటే కాగితం మీద ఆ బండి పక్కకి 45 డిగ్రీల వాలు దాకా తట్టుకోవాలి. గురుత్వ కేంద్రం 100 మి.మీ. లేస్తే అది 41కి పడిపోతుంది. అసలు గట్టు మీద మెత్తటి స్ప్రింగు ఒక పక్కకి ఒరుగుతుంది, అంచు మట్టి కుంగుతుంది కాబట్టి ఈ కాగితం లెక్కలో చాలా భాగం ముందే పోతుంది. అందుకే డెల్టాలో తిరిగే బండికి 40 నుంచి 50 మి.మీ. చాలు. ఇప్పటికే 100 పెంచేసిన బండైతే ఈసారి సామాను మార్చేటప్పుడు 50కి దింపెయ్యండి. మిగిలిన డబ్బుతో మంచి షాకులు, బుష్షులు (కీళ్ళ దగ్గర బోల్టు చుట్టూ ఉండే మెత్తలు) వస్తాయి.

ముందు కొలతలు

కాటాతో మొదలెట్టండి. రైస్ మిల్లు కాటా ఊరికొకటి ఉంటుంది. బండిలో రోజూ ఉండేవన్నీ ఉంచి, ట్యాంకు నింపి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒక తూకం, బండి మొత్తం పెట్టి ఇంకో తూకం రాయించుకోండి. తేడా వెనక యాక్సిల్ బరువు. కాటా ప్లాట్‌ఫారం, పక్క నేల ఒకే మట్టంలో లేకపోతే ఈ లెక్క తప్పుతుంది. కాటా 5, 10 కిలోల అడుగుల్లో చూపించినా మన పనికి సరిపోతుంది.

తర్వాత సిమెంటు గచ్చు మీద, టైర్లలో గాలి సరిచూసి, నాలుగు మూలలా హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నిటారుగా కొలవండి. నేల నుంచి కొలవకూడదు, టైరు అరుగుదల, గాలి తేడా అందులో కలిసిపోతాయి. కుడికీ ఎడమకీ 10 మి.మీ. దాటి తేడా ఉంటే ఒక పక్క స్ప్రింగు కూర్చుండిపోయిందనో, కమాను కట్టలో (ఆకుల స్ప్రింగులో) ఆకు విరిగిందనో అర్థం. ఆకు ఎక్కువగా సెంటర్ బోల్టు (ఆకులన్నిటినీ మధ్యలో కలిపి పట్టేది) కన్నం దగ్గరే విరుగుతుంది, బురద పట్టి ఉంటే బయటికి కనబడదు. యూ బోల్టు (కట్టని యాక్సిల్‌కి బిగించేది) పక్కన వైరు బ్రష్‌తో గీకి చూడాలి.

ఆఖరిది అసలు కొలత, ఎవరూ తీసుకోనిది. బండి ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాలు విప్పి, ఒక పక్క షాకు తీసెయ్యండి. కాయిల్ స్ప్రింగు బండైతే స్ప్రింగు కూడా తీసెయ్యాలి. జాకీతో యాక్సిల్‌ని మెల్లగా పైకి ఎత్తి, బంప్ రబ్బరు (యాక్సిల్‌ని పైన చివర్న ఆపేది) తగిలి కాస్త నొక్కుకున్న చోట ఆపి, షాకు పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్యకి కొలవండి. తర్వాత కిందికి వదలండి. బ్రేకు హోస్ బిగుసుకోవడమో, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ పట్టేయడమో, ఏబీఎస్ వైరు లాగడమో, ఏది ముందు మొదలైతే అక్కడికి ఓ 15 మి.మీ. ముందే ఆపి మళ్ళీ కొలవండి. బండి మామూలుగా నిలబడినప్పటి కొలత మూడోది. ఈ మూడూ నాలుగు చక్రాలకీ రాసుకుంటే సగం పని అయిపోయినట్టే.

స్ప్రింగు: బరువుకి కొనాలి, ఎత్తుకి కాదు

వెనక కాయిల్ ఒక్కోటి మిల్లీమీటరుకి 3 కిలోల గట్టితనం అనుకుందాం. వెనక ఎప్పుడూ 120 కిలోల సామాను ఉంటే ఒక్కో స్ప్రింగు మీద 60 కిలోలు, అంటే 20 మి.మీ. కూర్చుంటుంది. ఖాళీ బండికి 50 మి.మీ. లేపే స్ప్రింగు మీ బండికి 30 మాత్రమే లేపుతుంది. దీనికి విరుగుడు ‘మూడంగుళాల స్ప్రింగు’ కొనడం కాదు. అదే ఎత్తులో, ఆ బరువుకి తగిన స్ప్రింగు అడగాలి. పేరున్న తయారీదారులు ఒకే ఎత్తుకి ఖాళీ బండికి, వించి (దిగబడిన బండిని తాడుతో లాగే యంత్రం) ఉన్న బండికి, వెనక పక్కాగా లోడుండే బండికి వేర్వేరు స్ప్రింగులు ఇస్తారు.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. ఇనుప బంపర్, వించి, పైన క్యారియర్, ఇవి ఎప్పుడూ ఉండే బరువు. వారానికి రెండుసార్లు చెరువుకి తీసుకెళ్ళే 25 కిలోల మేత బస్తాలు ఎనిమిది, అంటే 200 కిలోలు, అవి వచ్చిపోయే బరువు. స్ప్రింగు ఎంచుకోవాల్సింది మొదటిదాని లెక్కన. రెండోదానికి స్ప్రింగు ఎంచుకుంటే మిగతా ఐదు రోజులూ బండి ఎగిరెగిరి పడుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రం గతుకుల్లో నేలని వదిలేస్తుంది, పుంతలో ట్రాక్షన్ పోతుంది. వచ్చిపోయే బరువుకి కాయిల్ లోపల పెట్టే ఎయిర్ బ్యాగు మంచి మార్గం. లోడప్పుడు గాలి కొట్టడం, తర్వాత తీసెయ్యడం.

గట్టితనం ఎంత పెరగాలి? కంపెనీ స్ప్రింగు కన్నా 10 నుంచి 20 శాతం ఎక్కువైతే చాలు. తీగ మందం కొద్దిగా పెరిగినా గట్టితనం చాలా పెరుగుతుంది, ఎందుకంటే అది మందానికి నాలుగో ఘాతం లెక్కన పోతుంది. తీగ మందం 10 శాతం పెరిగితే స్ప్రింగు 46 శాతం గట్టిపడుతుంది. ‘వేరే బండిది, కొంచెం లావుది’ అని చెప్పి ఇచ్చే స్ప్రింగు ఎందుకు పనికిరాదో ఇదే కారణం. కమాను కట్టల్లో ఆకు మందం మూడో ఘాతం. ఐదు ఆకుల కట్టకి అదే మందం ఆకు ఇంకోటి కలిపితే సుమారు 20 శాతం పెరుగుతుంది, అదే ఆకులన్నీ 6 మి.మీ. బదులు 7 మి.మీ. వేయిస్తే దగ్గర దగ్గర 59 శాతం. ‘ఇంకో ఆకు వేయించండి’ అనే మాట అందుకే కాస్త నయం, ‘లావు ఆకులు వేయించండి’ అనేది నడుముకి చేటు.

పాత కట్టలకే వంపు కొట్టించి ఎత్తు పెంచుకునే పద్ధతి ఉంది. వంపు కొట్టాక హీట్ ట్రీట్‌మెంట్ చేసే చోటైతే ఫరవాలేదు. గ్యాస్ కట్టర్ మంట పెట్టి వంచేసే చోట మాత్రం వద్దు. మంట తగిలిన చోట స్టీలు మెత్తబడుతుంది, కొన్ని నెలల్లో మళ్ళీ కూర్చుంటుంది, లేదా అక్కడే విరుగుతుంది. స్ప్రింగుకీ కట్టకీ వెల్డింగు ఎన్నడూ పెట్టించకూడదు. క్రోమ్ ప్లేటింగు కూడా అంతే. యాసిడ్‌లో ముంచినప్పుడు హైడ్రోజన్ స్టీలులోకి దిగి అది పెళుసెక్కుతుంది. తుప్పు భయముంటే పౌడర్ కోటింగు చేయించండి.

స్పేసర్ల (ఎత్తు కోసం స్ప్రింగుకి జతగా పెట్టే దిమ్మల) సంగతి. సాలిడ్ యాక్సిల్ మీద 25 మి.మీ. స్పేసర్ పెడితే ఎత్తు కూడా దాదాపు 25. ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రానికీ పైనొకటి, కిందొకటి ఆర్మ్‌లు) ఉన్న కొత్త థార్ లాంటి బండిలో షాకు, స్ప్రింగు కలిసి కింది ఆర్మ్ మీద మధ్యలో ఎక్కడో కూర్చుంటాయి. చక్రం 1 మి.మీ. కదిలితే షాకు కదిలేది 0.6 అయితే 25 మి.మీ. స్పేసర్ చక్రం దగ్గర 42 మి.మీ. అవుతుంది. ఇది తెలియక 50 స్పేసర్ వేసి, సీవీ జాయింటు (చక్రాన్ని తిప్పే షాఫ్టు కీలు) కోణం విరిగేదాకా పోయి, బూటు చిరిగి గ్రీజంతా చక్రానికి చిమ్మిన బళ్ళు చాలానే కనబడతాయి. పాత థార్ సీఆర్‌డీఈకి ముందు టార్షన్ బార్ (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) ఉంటుంది. దాని బోల్టు తిప్పితే ఎత్తు పెరుగుతుంది, గట్టితనం పెరగదు, కానీ ఎంత లేపితే కిందికి దిగే చలనం అంత పోతుంది. పై ఆర్మ్ ఆగే రబ్బరుకి ఖాళీ లేకుండా తిప్పేస్తే ప్రతి గుంతలోనూ ‘టక్’ మంటుంది. 25, మహా అయితే 35 మి.మీ. దగ్గర ఆగిపోవాలి.

షాకబ్జార్బర్: మూడు అంకెలు, ఒక పరీక్ష

సామానంతటిలో తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి అంకెలతో చూద్దాం. కంపెనీ షాకు మూసినప్పుడు 330, పూర్తిగా తెరిస్తే 520 మి.మీ. అనుకోండి. బండి నిలబడినప్పుడు 420. అంటే పైకి 90, కిందికి 100 చలనం. 50 మి.మీ. లిఫ్ట్ చేస్తే నిలబడినప్పటి కొలత 470 అవుతుంది. పాత షాకే ఉంచితే పైకి 140 ఉంది, కిందికి 50 మాత్రమే. పుంత గోతిలోకి చక్రం దిగగానే షాకు చివరికొచ్చి లోపలి పిస్టన్ పై సీలు గైడుని కొడుతుంది. కొన్నాళ్ళకి సీలు పోతుంది, కొన్నిసార్లు పై స్టడ్డే విరుగుతుంది. లిఫ్ట్ చేసిన బండికి ‘షాకులు నిలవట్లేదు’ అనే ఫిర్యాదులో పెద్ద భాగం ఇదే. షాకు మంచిదే, పొడవు చాలలేదు.

ఇప్పుడు 355 మూత, 570 తెరుపు ఉన్న షాకు దొరికిందనుకుందాం. 470 దగ్గర నిలబడితే కిందికి 100, పైకి 115. బాగుంది. కానీ పాత బంప్ రబ్బరు 342 దగ్గర ఆపుతుంది, షాకు 355 దగ్గరే మూసుకుపోతుంది. అంటే రబ్బరు తగిలేలోపు షాకు తనే బంప్ స్టాప్ అవుతుంది. మొదటి పెద్ద గుంతకే అడుగున ఉన్న వాల్వు పగులుతుంది. బంప్ రబ్బరు కింద 25 మి.మీ. దిమ్మ వేస్తే ఆగే చోటు 367 అవుతుంది, 12 మి.మీ. భద్రత మిగులుతుంది. కాబట్టి సూత్రం ఇది: షాకు మూసిన పొడవు మీరు జాకీతో పైకెత్తి తీసుకున్న కొలత కన్నా 10-15 మి.మీ. తక్కువ ఉండాలి, తెరిచిన పొడవు కిందికి వదిలి తీసుకున్న కొలతని దాటకూడదు. రెండోది దాటితే ఏమవుతుందంటే, చాలా కాయిల్ బళ్ళలో యాక్సిల్‌ని కింద ఆపేది షాకే. పొడుగు షాకు వేస్తే యాక్సిల్ ఇంకా దిగుతుంది, స్ప్రింగు సీటులోంచి జారిపోతుంది, లేదా బ్రేకు హోస్ తెగుతుంది.

కొలత కుదిరాక బిగింపు చూడండి. కన్నం ఉన్నదా, స్టడ్డు ఉన్నదా, కన్నంలో బుష్షు లోపలి వ్యాసం ఎంత, బుష్షు వెడల్పు ఎంత. 12 మి.మీ. బోల్టు ఉన్న చోట 14 బుష్షు షాకు వేసి మధ్యలో రేకు చుట్టే పని చెయ్యొద్దు, నెలలో కొట్టుకోవడం మొదలవుతుంది.

మోనో ట్యూబా (ఒకే గొట్టం షాకు), ట్విన్ ట్యూబా (గొట్టంలో గొట్టం) అనే వాదనకి డెల్టాలో అంత విలువ లేదు. మోనో ట్యూబు వేడిని బాగా వదులుతుంది, గంటల తరబడి గతుకుల్లో వేగంగా పోయే బండికి అది కావాలి. మన పుంతల్లో వేగమెక్కడిది? మోనో ట్యూబు గొట్టానికి రాయో కర్రో తగిలి సొట్ట పడితే పిస్టన్ పట్టేస్తుంది. ట్విన్ ట్యూబులో బయటి గొట్టం సొట్ట పడినా లోపలిది పనిచేస్తుంది. లావు గొట్టం ఉన్న గ్యాసు లేదా ఫోమ్ సెల్ (గ్యాసు బదులు నురుగు ముక్క ఉన్న) ట్విన్ ట్యూబు ఇక్కడికి తగిన ఎంపిక. స్ప్రింగు గట్టితనం పెంచినప్పుడు రీబౌండు వాల్వింగు (షాకు తెరుచుకునేటప్పటి పట్టు) కూడా అందుకు తగ్గట్టు ఉండాలి, లేకపోతే గతుకు దాటాక బండి ఇంకో రెండుసార్లు ఊగుతుంది. స్ప్రింగు, షాకు ఒకే తయారీదారు సెట్టుగా కొంటే ఈ తలనొప్పి తగ్గుతుంది.

షాపులోనే ఒక పరీక్ష చెయ్యండి. షాకుని నిలబెట్టి, అడుగు వరకూ నొక్కి, పూర్తిగా తెరిచి, నాలుగైదుసార్లు. ట్విన్ ట్యూబు పడుకోబెట్టి నిల్వ చేసి ఉంటే మొదటి రెండుసార్లు మధ్యలో ఖాళీగా జారుతుంది, అది గాలి. తర్వాత మొత్తం చలనమంతా ఒకేలా ఆపాలి. అప్పటికీ ఖాళీ జారితే ఆ ముక్క వద్దు. రాడ్డు మీద వేలిగోరు నడిపించండి, గోరుకి తగిలే గీత ఉంటే సీలు తినేస్తుంది. జత షాకులు రెండూ ఒకే పార్ట్ నంబరువేనా చూసుకోండి. ఎడమ కొత్తది, కుడి పాతది అని ఒక్కటే మార్చడం గట్టు మీద తిరిగే బండికి అసలే వద్దు.

ఉప్పు, బురద, బుష్షులు

భీమవరం నుంచి మొగల్తూరు దాకా, ఇటు అమలాపురం దిగువ తీరమంతా వనామీ రొయ్యల చెరువులు. ఆ గట్ల మీద తిరిగే బండికి బురదతో పాటు ఉప్పు నీళ్ళు అంటుతాయి. సాయంత్రం బోరు నీళ్ళతో కడిగేస్తే సరిపోదు, తీరం దగ్గర చాలా ఊళ్ళలో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి. కాలువ నీళ్ళో, కుళాయి నీళ్ళో వాడాలి. కడగాల్సింది బానెట్ కాదు, స్ప్రింగు సీటు కప్పులు, కట్టల మధ్య సందులు, షాకు కింది కన్నం, ఛాసిస్ లోపలి గూళ్ళు. షాకు రాడ్డుకి రబ్బరు తొడుగు వేస్తే రాయి దెబ్బ తగలదు, కానీ తొడుగు లోపల ఉప్పు బురద నిలిచి క్రోమ్‌ని తినేస్తుంది. అడుగున నీరు పోయే కన్నాలున్న తొడుగైతేనే ఉంచండి.

బుష్షుల్లో పాలీయూరెథేన్‌కి మంచి పేరుంది, ఊగదు, చమురుకి పాడవదు. అయితే అది రబ్బరులా మెలిపడదు, ఇనుప స్లీవ్ చుట్టూ తిరుగుతుంది. ఆ సందులోకి ఒండ్రు దిగితే సానపట్టినట్టు స్లీవ్ అరుగుతుంది, మూడు నెలల్లో కిర్రుమంటుంది. గ్రీజు నిప్పుల్ ఉన్న షాకిల్ (కట్ట కొసని ఛాసిస్‌కి తగిలించే ఊగే లింకు) పిన్ను దగ్గర పాలీ బాగానే నడుస్తుంది. రేడియస్ ఆర్మ్‌కి (యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టేది), పాన్‌హార్డ్ రాడ్‌కి (పక్కకి జరగకుండా పట్టేది) కంపెనీ రబ్బరే మేలు. రేడియస్ ఆర్మ్ బుష్షు రెండు దిక్కులా మెలి తిరగాలి, పాలీ ఆ మెలి తీసుకోదు, బ్రాకెట్ మీద పడేస్తుంది.

బోల్టుల దగ్గర పొదుపు చెయ్యొద్దు, స్టెయిన్‌లెస్ మోజు కూడా వద్దు. మామూలుగా దొరికే ఎ2-70 స్టెయిన్‌లెస్ బోల్టు తన్యత బలం 700 మెగాపాస్కల్. తలకాయ మీద 8.8 అని ఉన్న బోల్టుది 800, 10.9ది 1000 పైన. కంపెనీ ఏ గ్రేడు ఇచ్చిందో అదే గ్రేడు, అదే పొడవు. మర ఉన్న భాగం బ్రాకెట్ లోపలికి రాకూడదు, మర లేని నున్నటి భాగమే బరువు మొయ్యాలి. యూ బోల్టులు ఒకసారి విప్పితే మళ్ళీ వాడకండి. బిగించినప్పుడు అవి సాగుతాయి, రెండోసారి అంత బిగువు నిలవదు. యూ బోల్టు వదులైతే యాక్సిల్ జరుగుతుంది, ఆ భారం సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది.

కోణాలు సరిచేసే చిన్న సామాను

ఎత్తు పెరిగితే ముందు చక్రం క్యాస్టర్ (స్టీరింగు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. జిమ్నీ లాంటి బండిలో రేడియస్ ఆర్మ్ యాక్సిల్‌కి గట్టిగా పట్టి ఉంటుంది కాబట్టి ఆర్మ్ ఎంత వాలితే యాక్సిల్ అంత తిరుగుతుంది. ఆర్మ్ పొడవు 800 మి.మీ. అయితే 50 మి.మీ. లిఫ్ట్‌కి సుమారు 3.5 డిగ్రీలు. అప్పుడు స్టీరింగు తిప్పి వదిలితే వెనక్కి రాదు, హైవే మీద బండి అటూ ఇటూ వెతుక్కుంటుంది. క్యాస్టర్ కరెక్షన్ బుష్షులు తప్పనిసరి. పాన్‌హార్డ్ రాడ్ మాత్రం అంత తొందర లేదు. 900 మి.మీ. రాడ్డు కొసలు మొదట 50 మి.మీ. ఎత్తు తేడాలో ఉంటే, 50 లిఫ్ట్‌కి యాక్సిల్ పక్కకి 4 మి.మీ. జరుగుతుంది, 100 లిఫ్ట్‌కి 11. నాలుగు మిల్లీమీటర్లకి సర్దుబాటు రాడ్డు కొనక్కర్లేదు.

జిప్సీ, మేజర్ లాంటి కట్టల బళ్ళకి పొడుగు షాకిల్ చవక మార్గం. షాకిల్ 50 మి.మీ. పెంచితే యాక్సిల్ దగ్గర వచ్చేది 25. దాంతోపాటు యాక్సిల్ వాలు మారుతుంది కాబట్టి ముందువైపు వేస్తే క్యాస్టర్ కొలిపించకుండా వదలొద్దు. సరిచెయ్యడానికి పెట్టే ఏటవాలు చీలిక స్టీలుదే కావాలి, అల్యూమినియంది పగిలి జారిపోతుంది.

వెనక యాక్సిల్‌కి, ఛాసిస్‌కి మధ్య సన్నటి కడ్డీ, దానికో వాల్వు ఉందేమో చూడండి. లోడు బట్టి వెనక బ్రేకు ఒత్తిడిని మార్చే వాల్వు అది. ఛాసిస్ లేచేసరికి అది బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. కడ్డీ బ్రాకెట్‌ని లిఫ్ట్ ఎంతో అంత దించాలి. లిఫ్ట్ చేశాక బ్రేకు పడట్లేదని ప్యాడ్లూ లైనర్లూ మార్చేవాళ్ళు ముందు ఇది చూడాలి. స్టెబిలైజర్ బార్ (మలుపులో బండి ఒరగకుండా పట్టే కడ్డీ) లింకులు పొడవువి వేయండి. బార్ తీసి పక్కన పడేస్తే పుంతలో చక్రం బాగా దిగుతుంది నిజమే, గట్టు మలుపులో బండి కూడా అలాగే దిగుతుంది.

బిగించేటప్పుడు

బుష్షు ఉన్న బోల్టులన్నీ ముందు చేత్తో బిగించి, చక్రాలు వేసి, బండిని నేల మీదికి దించి, ముందుకీ వెనక్కీ నాలుగు అడుగులు నడిపి, అప్పుడు టార్క్ రెంచితో మాన్యువల్ అంకెకి బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలో పట్టేస్తుంది, బండి దిగగానే మెలిపడి ఉండిపోతుంది, త్వరగా చిరుగుతుంది. పైగా ఎత్తు కొలత కూడా తప్పు చూపిస్తుంది. యూ బోల్టులు ఎదురెదురు మూలలుగా, కొంచెం కొంచెంగా. బిగించేముందు సెంటర్ బోల్టు తలకాయ యాక్సిల్ దిమ్మ కన్నంలో కూర్చుందో లేదో వేలు పెట్టి చూడండి.

తర్వాత ఒక్కో చక్రాన్ని పూర్తిగా వేలాడదీసి, స్టీరింగు రెండు కొసలకీ తిప్పించి బ్రేకు హోసులు చూడాలి. లాగుతుంటే పొడుగు హోసు వెయ్యాలి, క్లిప్పు పీకి వదిలెయ్యడం పరిష్కారం కాదు. డిఫరెన్షియల్ బ్రీదర్ గొట్టం (లోపలికీ బయటికీ గాలి ఆడేది) కూడా అప్పుడే చూడండి. లిఫ్ట్‌తో అది ఊడిపోతే నీళ్ళలో దిగగానే చల్లబడిన హౌసింగు నీటిని లోపలికి పీలుస్తుంది, నూనె మజ్జిగలా తెల్లబడుతుంది. అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల సర్దుబాటు అదే రోజు.

100 కిలోమీటర్లకి యూ బోల్టులు మళ్ళీ బిగించాలి, 1000కి ఇంకోసారి. కొత్త స్ప్రింగులు కొన్ని మిల్లీమీటర్లు కూర్చుంటాయి, అది లోపం కాదు. హబ్-ఫెండర్ కొలత 500 కిలోమీటర్ల తర్వాత తీసుకుని రాసిపెట్టుకోండి, ఇకముందు పోల్చుకోవాల్సింది దాంతోనే.

చట్టం మాట ఒకటి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. 182ఎ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున బయటపడుతుంది. ఎత్తు 50 లోపు ఉంచినా అది మార్పే, ఇవి దానికీ వర్తిస్తాయి.

ఈ పని పెట్టుకోవడానికి మంచి కాలం వేసవిలో కాలువలు కట్టేసిన రోజులు. కింద బురద ఎండి గీకితే రాలిపోతుంది, బోల్టులకి రెండు రోజుల ముందు నుంచీ తుప్పు వదిలించే నూనె పట్టించవచ్చు, బెజవాడ ఆటోనగర్ నుంచి సామాను రావడం ఆలస్యమైనా సార్వా నాట్లకి బండి చేతికొస్తుంది. సామానుతో పాటు ఒక సెంటర్ బోల్టు, రెండు యూ బోల్టులు, షాకు కింది బుష్షుల జత అదనంగా తెప్పించుకుని, గ్రీజు పూసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి సీటు కింద పెట్టండి. ఊరికి దూరంగా గట్టు మీద ముందుగా విరిగేవి ఇవే.